ఆదాయపు పన్ను శాఖకు ఫోన్ చేసి సహాయం పొందడం ఎలా: నల్లగొండ, పాలమూరు వాసుల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

ఆదాయపు పన్ను అనేది పెద్ద జీతగాళ్లకూ పెద్ద వ్యాపారులకూ సంబంధించిన వ్యవహారమని మన జిల్లాల్లో చాలామంది అనుకుంటారు. కానీ ముంబైలోనో పుణెలోనో కంపెనీ దగ్గర పని పట్టిన పాలమూరు మేస్త్రీ బిల్లులో ఒక శాతం టీడీఎస్ కింద, అంటే డబ్బు ఇచ్చేవారే ముందుగా మినహాయించి శాఖకు కట్టే పన్ను కింద, కోతపడుతుంది. నల్లగొండలో పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలి ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీలోనూ కోతపడుతుంది. ఏడాది మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే ఆ డబ్బు తిరిగి వారిదే, కానీ రిటర్న్, అంటే ఏడాది ఆదాయం, పన్ను లెక్కలు చూపే పత్రం, వేసి అడిగితేనే వస్తుంది. అలా అడిగిన తర్వాత ఎక్కడో ఆగిపోయిన డబ్బు కోసం ఏజెంటు చుట్టూ తిరిగి, వచ్చినదాంట్లో కొంత అతనికి ఇచ్చుకునేవారు ఎందరో ఉన్నారు. ఆగిన కారణం తెలుసుకోవడానికి శాఖకు నేరుగా ఫోన్ చేయవచ్చని, 1800తో మొదలయ్యే నంబర్లకు ఛార్జీ కూడా పడదని వారికి ఎవరూ చెప్పకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

ఫోన్ చేసే ముందు ఒక సంగతి స్పష్టంగా తెలిసి ఉండాలి. అవతల మాట్లాడే వ్యక్తికి మీ పని ఎక్కడ ఆగిందో కంప్యూటర్‌లో కనిపిస్తుంది, కానీ పన్ను తగ్గించే అధికారం గానీ రీఫండ్ మంజూరు చేసే అధికారం గానీ అతనికి ఉండదు. అతను దారి చెబుతాడు. ఆ దారిన పోర్టల్‌లో, అంటే శాఖ వెబ్‌సైట్‌లో, చేయవలసిన పని మాత్రం మీరే చేయాలి. ఇది తెలియక ఫోన్‌లో అరగంట వాదించేవారు నిరాశతో ఫోన్ పెట్టేస్తారు. తెలిసినవారు ఒకే ఒక్క ప్రశ్న అడిగి, జవాబు రాసుకుని, అదే రోజు పని ముగించుకుంటారు.

మొదటి అడుగు: ఇది ఏ పన్నో తేల్చుకోండి

ఇంటి పన్ను మున్సిపాలిటీదో గ్రామ పంచాయతీదో అవుతుంది. దుకాణం జీఎస్టీ రిజిస్ట్రేషన్, రిటర్న్‌ల గురించి అయితే 1800 103 4786 నంబరు వేరుగా ఉంది. వృత్తి పన్ను రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ చూస్తుంది. ఈ మూడింటికీ ఆదాయపు పన్ను శాఖకు ఫోన్ చేసి లాభం లేదు. జీతం, పింఛను, వడ్డీ, కాంట్రాక్టు బిల్లు, అద్దె, స్థలం అమ్మకం మీద వచ్చిన లాభం, వీటి మీద పడిన పన్ను లేదా టీడీఎస్ అయితేనే ముందుకు సాగండి.

రెండో అడుగు: మీ ఖాతా మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే. రిటర్న్‌ను ఇంటర్నెట్ సెంటర్‌లోనో తెలిసిన వ్యక్తి ద్వారానో వేయించినప్పుడు చాలాసార్లు ఆ వ్యక్తి తన మొబైల్ నంబరు, తన మెయిల్ ఐడీ పెట్టేస్తాడు. దురుద్దేశం ఉండనవసరం లేదు, ఓటీపీ కోసం మిమ్మల్ని మాటిమాటికీ అడగకుండా పని తొందరగా కావాలని అలా చేస్తాడు. ఫలితంగా శాఖ పంపే ప్రతి నోటీసూ, ప్రతి సమాచారమూ అతని ఫోన్‌కే పోతుంది. అతను సెంటర్ ఎత్తేసి హైదరాబాద్ వెళ్లిపోయాక మీకు నోటీసు వచ్చిందన్న సంగతే తెలియదు. పైగా హెల్ప్‌లైన్‌లో మీ గుర్తింపు సరిచూసేటప్పుడు రిజిస్టరైన మొబైల్ నంబరు అడిగితే మీరు తప్పు జవాబు చెప్పవలసి వస్తుంది.

దీన్ని సరిచేసుకోవడం కష్టం కాదు. పోర్టల్ చిరునామా ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ జీవోవీ డాట్ ఇన్. అందులో మీ పాన్ నంబరే యూజర్ ఐడీ. పాస్‌వర్డ్ తెలియకపోతే ‘ఫర్గాట్ పాస్‌వర్డ్’ నొక్కి, ఆధార్ ఓటీపీ ద్వారా కొత్తది పెట్టుకోవచ్చు. అందుకు ఆధార్‌కు మీ మొబైల్ లింకై ఉండాలి, లేకపోతే ముందుగా ఆధార్ కేంద్రానికి వెళ్లి ఆ పని చేయించుకోండి. లోపలికి వెళ్లాక ‘మై ప్రొఫైల్’లో మొబైల్, మెయిల్ రెండూ మీవి లేదా మీ పిల్లలవి పెట్టండి. పాన్‌కు ఆధార్ లింకైందో లేదో కూడా అక్కడే చూడండి. గడువులోగా లింకు చేయని పాన్ 2023 జూలై 1 నుంచి పనిచేయని పాన్‌గా మారింది. అలాంటి పాన్ మీద రీఫండ్ ఇవ్వరు, టీడీఎస్ కూడా ఎక్కువ రేటున కోస్తారు. రూ.1,000 రుసుము కట్టి లింకు చేసుకున్నాకే మిగతా విషయాలు మాట్లాడటంలో అర్థం ఉంది.

మూడో అడుగు: ఫోన్ చేసే ముందు తెర మీద, చేతిలో ఉండవలసినవి

పాన్ కార్డు, ఆధార్, రిటర్న్ వేసినప్పుడు వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ కాగితం, బ్యాంక్ పాస్‌బుక్, నోటీసు వచ్చి ఉంటే దాని ప్రతి, ఒక నోటుపుస్తకం, కలం. కంప్యూటర్ గానీ పెద్ద తెర ఫోన్ గానీ ఉంటే పోర్టల్‌లో లాగిన్ అయి ఉండటం మరీ మంచిది. ఎందుకంటే అవతలి వ్యక్తి ‘సర్వీసెస్‌లోకి వెళ్లండి’ అన్నప్పుడు అక్కడికక్కడే చేసి చూడవచ్చు. ఉన్నది ఒకే ఫోన్ అయితే ముందుగానే పోర్టల్ చూసి, అందులో కనిపించిన స్థితిని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి.

సంవత్సరం విషయంలో జాగ్రత్త అవసరం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు వచ్చిన ఆదాయం 2024-25 ఆర్థిక సంవత్సరానిది, కానీ రిటర్న్ మీద 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం అని ఉంటుంది. ఫోన్‌లో ఒకటి చెప్పవలసిన చోట రెండోది చెబితే అవతలి వ్యక్తి వేరే సంవత్సరపు రికార్డు తెరిచి, ఏ సమస్యా లేదంటాడు. అక్నాలెడ్జ్‌మెంట్ మీద ఉన్న అసెస్‌మెంట్ సంవత్సరాన్నే చదివి చెప్పండి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టం ఈ రెండు పేర్లనూ తీసేసి ‘పన్ను సంవత్సరం’ అనే ఒకే పేరు పెట్టింది. అయితే అంతకు ముందటి సంవత్సరాల నోటీసులూ రీఫండ్‌లూ 1961 నాటి చట్టం ప్రకారమే, పాత సెక్షన్ నంబర్లతోనే నడుస్తాయి.

పేరు విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పాన్ దరఖాస్తులో మాత్రం ‘చివరి పేరు’ అనే గడి ఉంటుంది. కొందరు ఆ గడిలో ఇంటిపేరు రాశారు, కొందరు సొంత పేరు రాశారు. వ్యక్తుల పాన్‌లో నాలుగో అక్షరం ‘పీ’గా ఉంటుంది, ఐదో అక్షరం ఆ చివరి పేరు గడిలోని మొదటి అక్షరం. కాబట్టి ఐదో అక్షరం చూస్తే మీ దరఖాస్తులో ఏది చివరి పేరుగా పడిందో తెలిసిపోతుంది. బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా, ఆధార్‌లో వెనకా ముందుగా ఉన్నప్పుడు బ్యాంక్ ఖాతా ధ్రువీకరణ ఆగిపోవచ్చు. ఫోన్‌లో పేరు అడిగినప్పుడు ఊళ్లో పిలిచే పేరు కాకుండా పాన్ కార్డు మీద ఉన్న వరుసలోనే చెప్పండి.

నాలుగో అడుగు: సరైన నంబరు ఎంచుకోండి

శాఖకు ఒకే నంబరు లేదు. ఒక పని చూసే వారికి మరో పని వివరాలు కనిపించవు కాబట్టి తప్పు నంబరుకు చేస్తే మళ్లీ మొదటికి వస్తారు.

రిటర్న్ దాఖలు, ఈ-వెరిఫికేషన్ (వేసిన రిటర్న్ మీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం), ప్రాసెసింగ్, రీఫండ్, సవరణ దరఖాస్తు, లాగిన్ ఇబ్బందులు వంటివాటికి బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం, అంటే సీపీసీ, హెల్ప్‌లైన్ ఉంది: 1800 103 0025 లేదా 1800 419 0025. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, శనివారం ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా పలుకుతారు. మనలో ఎక్కువ మందికి కావలసింది ఇదే.

టీడీఎస్ వివరాలు, ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు యజమాని ఇచ్చే సర్టిఫికెట్), ఫారం 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక) గురించి అయితే 1800 103 0344, సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా. వార్షిక సమాచార నివేదిక, అంటే ఏఐఎస్‌లో మీకు సంబంధం లేని లావాదేవీ కనిపిస్తే 1800 103 4215. పాత బకాయి ఉన్నట్టు పోర్టల్ చూపిస్తే మైసూరులోని డిమాండ్ ఫెసిలిటేషన్ కేంద్రం నంబరు 1800 309 0130. పాన్ కార్డులో తప్పులకు, దరఖాస్తు స్థితికి కార్డు ఇచ్చిన సంస్థను బట్టి ప్రొటియన్ అయితే 020 2721 8080, యూటీఐఐటీఎస్ఎల్ అయితే 033 4080 2999. ఈ రెండూ 1800 నంబర్లు కావు, మామూలు కాల్ ఛార్జీలు వర్తిస్తాయి. నిబంధనల గురించి సాధారణ సందేహాలకు ఆయకర్ సంపర్క్ కేంద్రం నంబరు 1800 180 1961.

నంబరు ఎప్పుడు కావాలన్నా పోర్టల్‌లోని ‘కాంటాక్ట్ అస్’ పేజీలో చూసి మాత్రమే డయల్ చేయండి. ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్’ అని వెతికితే వచ్చే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి ఉంటాయి. ఈ మాటను నేను బతిమాలినట్టే చెబుతున్నాను, ఎందుకంటే రీఫండ్ కోసం ఎదురుచూసే మనిషి తొందరలో ఉంటాడు, ఆ తొందరే మోసగాడికి కావలసింది. మీరు చేసిన ఫోన్‌కూ మీకు వచ్చిన ఫోన్‌కూ చాలా తేడా ఉంది. ‘ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ రీఫండ్ మంజూరైంది, లింకు నొక్కండి’ అని వచ్చే ఫోన్, మెసేజ్ ఏదైనా సరే, పట్టించుకోకుండా పోర్టల్‌లో మీరే చూసుకోండి. ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, పంపితే ఇన్‌స్టాల్ చేయవద్దు. పాస్‌వర్డ్, ఓటీపీ, ఏటీఎం పిన్, కార్డు వెనుక అంకెలు ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణమే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఐదో అడుగు: మాట్లాడే పద్ధతి

జూలై నెలాఖరులో, అంటే జీతగాళ్ల, పింఛనుదారుల రిటర్న్ గడువు దగ్గరపడినప్పుడు లైన్లు కిక్కిరిసి ఉంటాయి. వీలైతే ఆ రోజులు తప్పించి, వారం మధ్యలో పొద్దున్నే చేయండి. ఫోన్ కలవగానే ముందు భాష ఎంచుకోమని రికార్డు చేసిన గొంతు చెబుతుంది. తెలుగు వినిపిస్తే ఎంచుకోండి, లేకపోతే హిందీ తీసుకోండి. మన పాలమూరు, నల్లగొండ పట్టణాల్లో హిందీ, ఉర్దూ వినీ వినీ అలవాటైనవారే ఎక్కువ, తడబడినా ఫరవాలేదు. ఇంట్లో బాగా మాట్లాడగల కొడుకో కోడలో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్ పెట్టండి. కానీ గుర్తింపు ప్రశ్నలకు జవాబు మీరే చెప్పాలి, ఎందుకంటే పాన్ మీది.

మనిషి లైన్‌లోకి వచ్చాక కథ మొదటి నుంచీ చెప్పకుండా, రాసి పెట్టుకున్న రెండు వాక్యాలు చదవండి. ‘నా పాన్ మీద 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి రిటర్న్ వేశాను, ఈ-వెరిఫై కూడా అయింది. పోర్టల్‌లో రీఫండ్ ఫెయిల్డ్ అని చూపిస్తోంది, కారణం ఏమిటి, ఇప్పుడు నేను ఏం చేయాలి?’ హిందీలో అయితే ‘మేరా రీఫండ్ ఫెయిల్ హువా హై, వజహ్ క్యా హై, అబ్ ముఝే క్యా కర్‌నా హై’ అంటే చాలు. పాన్ అక్షరాలు చెప్పేటప్పుడు బీ, డీ, పీ, టీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి ‘బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ, పీ ఫర్ పుణె’ అని ఊరి పేరుతో చెప్పండి. ఆ తర్వాత పుట్టిన తేదీ, తండ్రి పేరు, మొబైల్ వంటివి అడగవచ్చు. ఇవి చెప్పడంలో తప్పు లేదు, ఎందుకంటే ఫోన్ చేసింది మీరు, నంబరు అధికారికమైనది.

వారు చెప్పింది అర్థం కాకపోతే అర్థమైనట్టు ‘హా హా’ అనవద్దు. పోర్టల్‌లో ఏ మెనూలోకి వెళ్లాలో, ఏ గడి నొక్కాలో వరుసగా చెప్పమనండి, రాసుకోండి, రాసుకున్నది తిరిగి చదివి వినిపించండి. ఫోన్ పెట్టేసే ముందు మూడు విషయాలు తప్పకుండా తీసుకోవాలి: మాట్లాడిన వ్యక్తి పేరు, ఫిర్యాదు నమోదు చేసి ఉంటే దాని నంబరు, ఎన్ని రోజుల్లో ఫలితం కనిపిస్తుందన్న మాట. తేదీ, సమయం పక్కనే వేసుకోండి. రేపు ఫిర్యాదు రాయవలసి వస్తే ఆ నోటుపుస్తకమే మీకు ఆధారం.

ఆరో అడుగు: ఏ సమస్యకు ఏం అడగాలి

రీఫండ్ ఫెయిలైతే. మన ప్రాంతంలో దీనికి తరచుగా కనిపించే కారణం బ్యాంకుల విలీనాలు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంక్‌లోకి వచ్చాయి. పాత పాస్‌బుక్ చూసి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ (బ్యాంకు శాఖను గుర్తించే కోడ్) వేసి ఉంటే డబ్బు జమ కాదు. బ్యాంకుకు వెళ్లి ఇప్పటి కోడ్ తెలుసుకుని, ‘మై ప్రొఫైల్’లో బ్యాంక్ ఖాతాను తిరిగి ధ్రువీకరించి, అది రీఫండ్‌కు ఎంపికైందో లేదో చూసి, తర్వాత ‘సర్వీసెస్’లో ‘రీఫండ్ రీఇష్యూ’ అభ్యర్థన పెట్టాలి. సీపీసీకి ఫోన్ చేసినప్పుడు అడగవలసింది ‘ఏ కారణంతో తిరిగి వెళ్లింది, కోడ్ తప్పా, పేరు తేడానా, ఖాతా మూతపడిందా’ అని మాత్రమే.

రిటర్న్ వేసి నెలలు గడిచినా ‘ప్రాసెసింగ్’ అనే ఉంటే మొదట ఈ-వెరిఫికేషన్ అయిందో లేదో చూడండి. వేసిన 30 రోజుల్లో అది జరగకపోతే, ఆలస్యంగా వెరిఫై చేసిన తేదీనే రిటర్న్ వేసిన తేదీగా లెక్కిస్తారు. అసలే వెరిఫై చేయకపోతే ఆ రిటర్న్ చెల్లదు. అది అయి ఉంటే, రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల వరకు 143(1) సమాచారం, అంటే రిటర్న్‌ను పరిశీలించాక పన్ను, రీఫండ్ లెక్క తెలిపే ఉత్తరం, పంపడానికి శాఖకు గడువు ఉంటుంది. ఆ గడువు లోపల ఫోన్‌లో ఎంత గట్టిగా అడిగినా ‘ప్రాసెస్‌లో ఉంది’ అనే జవాబే వస్తుంది.

టీడీఎస్ కోసినా 26ఏఎస్‌లో కనిపించకపోతే. హెల్ప్‌లైన్ వారు దీన్ని సరిచేయలేరు. కోసినవారు తమ త్రైమాసిక టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో మీ పాన్ సరిగా వేస్తేనే అది మీ ఖాతాలో కనిపిస్తుంది. మేస్త్రీ అయితే కంపెనీ అకౌంట్స్ విభాగాన్ని, ఉపాధ్యాయుడైతే జీతం బిల్లు చేసే అధికారి డీడీఓను, డిపాజిట్ అయితే బ్యాంకు శాఖను అడగాలి. ఫోన్‌లో తెలుసుకోవలసింది ఒక్కటే, ఆ త్రైమాసికానికి ఫలానా ట్యాన్ నంబరు (పన్ను కోసేవారికి శాఖ ఇచ్చే నంబరు) నుంచి మీ పాన్ మీద ఎంట్రీ ఉందా లేదా అని. లేదంటే కోసినవారికి సవరణ స్టేట్‌మెంట్ వేయమని రాతపూర్వకంగా అడగండి.

భూమి పరిహారంలో కోతపడితే. ఉదండాపూర్‌లోనో చర్లగూడెంలోనో రిజర్వాయర్ కింద భూమి పోయిన కుటుంబాలకు ఇది పెద్ద విషయం. 2013 భూసేకరణ చట్టం కింద ఇచ్చిన అవార్డు లేదా ఒప్పందం మీద ఆదాయపు పన్ను వేయరాదని ఆ చట్టం సెక్షన్ 96 చెబుతోంది, ప్రైవేటు వారు నేరుగా బేరమాడి కొన్న భూములకు సంబంధించిన సెక్షన్ 46 కేసులకు మాత్రం ఇది వర్తించదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 అక్టోబర్‌లో జారీ చేసిన 36వ సర్క్యులర్ దాన్నే స్పష్టం చేసింది. కాబట్టి మీ అవార్డు కాగితం మీద ఏ చట్టం, ఏ సెక్షన్ ఉందో ముందు చూడండి. కోత పడి ఉంటే రిటర్న్ వేసి తిరిగి అడగాలి. గడువు దాటిపోతే, అప్‌డేటెడ్ రిటర్న్ (గడువు తర్వాత అదనపు పన్ను కట్టి వేసే రిటర్న్) ద్వారా రీఫండ్ అడగడం కుదరదు కాబట్టి, ఆలస్యానికి మన్నింపు కోరుతూ దరఖాస్తు పెట్టాలి. ఆ అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన 5 సంవత్సరాల్లోగా ఆ దరఖాస్తు వేయవచ్చు. ఇది ఫోన్‌లో తేలే పని కాదు. దరఖాస్తును పోర్టల్‌లో ఎక్కడ పెట్టాలో మాత్రం హెల్ప్‌లైన్‌లో అడగండి, రాయడానికి ఆడిటర్ సహాయం తీసుకోండి. ఇక్కడ ఆ ఖర్చు వృథా కాదు.

నోటీసు వస్తే. భయపడక ముందు దాని మీద డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉందో చూడండి. 2019 అక్టోబర్ 1 నుంచి శాఖ పంపే ఉత్తరాలకు ఆ సంఖ్య ఉండాలి. పోర్టల్ మొదటి పేజీలో ‘ఆథెంటికేట్ నోటీస్’ అనే చోట దాన్ని వేస్తే నోటీసు అసలుదో కాదో తేలిపోతుంది. అసలుదైతే గడువు తేదీ చూసుకోండి: రిటర్న్‌లో లోపం ఉందనే 139(9) నోటీసుకు 15 రోజులు, 143(1)(ఏ) కింద ప్రతిపాదించిన సవరణకు 30 రోజులు. ఫోన్ చేసినంత మాత్రాన జవాబు ఇచ్చినట్టు కాదు. జవాబు పోర్టల్‌లో ‘పెండింగ్ యాక్షన్స్’ కిందే ఇవ్వాలి, గడువు ఆగదు.

ఏడో అడుగు: ఫోన్‌తో పని కాకపోతే

చెప్పిన రోజులు గడిచినా మార్పు లేకపోతే మళ్లీ మళ్లీ ఫోన్ చేయడం కంటే రాతపూర్వక ఫిర్యాదు మేలు. పోర్టల్‌లో ‘గ్రీవెన్సెస్’ భాగంలో సీపీసీ, టీడీఎస్, అసెసింగ్ ఆఫీసర్ (మీ పాన్ పరిధి చూసే పన్ను అధికారి) వంటి విభాగాల్లో మీకు సంబంధించినది ఎంచుకుని, నోటుపుస్తకంలో ఉన్న తేదీలు, నంబర్లు, పేర్లతో పది వాక్యాల్లోపు రాయండి. దానికీ నంబరు వస్తుంది. అక్కడా కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో, మొదటి ఫిర్యాదు నంబరు పేర్కొంటూ నమోదు చేయండి.

పాత బకాయి, సవరణ వంటివి కొన్ని మీ అసెసింగ్ ఆఫీసర్ చేతిలో ఉంటాయి. ఆయన ఎవరో పోర్టల్‌లో ‘నో యువర్ ఏఓ’ అనే చోట పాన్, మొబైల్ నంబరు వేస్తే కనిపిస్తుంది. పాన్ ముంబైలో తీసుకున్న మన వలస కూలీలకూ మేస్త్రీలకూ ఆ అధికారి ముంబైలోనే ఉండవచ్చు. అలాంటప్పుడు చిరునామా ఇక్కడికి మార్చి, పాన్‌ను ఇక్కడి వార్డుకు బదిలీ చేయమని ఇప్పుడున్న అధికారికి దరఖాస్తు పెట్టాలి. ఆఫీసుకు స్వయంగా వెళ్లేటప్పుడు దరఖాస్తు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర వేయించుకుని, ఆ ముద్ర పడిన కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.